రక్తంలో ఆల్కహాల్ మోతాదు అంచనా: తరచుగా అడిగే ప్రశ్నలు

"రెండు పెగ్గులు తాగితే రీడింగ్ ఎంత వస్తుంది?" అని అడిగినప్పుడు తడుముకోకుండా ఒకే అంకె చెప్పేవారిని నమ్మవద్దు. ఈ లెక్కకు దాదాపు వందేళ్ల శాస్త్రం ఆధారంగా ఉన్న మాట నిజమే. అయితే ఆ శాస్త్రం చెప్పేది ఒక అంకెను కాదు, కింది హద్దుకూ పై హద్దుకూ మధ్య ఉండే ఒక వ్యవధిని. ఆ వ్యవధి ఎంత వెడల్పుగా ఉంటుందో, అంత వెడల్పు ఎందుకు వస్తుందో కింది సమాధానాలలో వివరించాము.

రక్తంలో ఆల్కహాల్ మోతాదు అంటే ఏమిటి? ఒక్కొక్కరు ఒక్కో అంకె ఎందుకు చెబుతారు?

నిర్దిష్ట పరిమాణం గల రక్తంలో ఎంత ఇథనాల్, అంటే మద్యంలో ఉండే ఆల్కహాల్, కరిగి ఉందో చెప్పే కొలత ఇది. మన దేశంలో దీనిని 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న మిల్లీగ్రాముల లెక్కన చెబుతారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం ఆ మోతాదు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఇదే 30ని అమెరికా పద్ధతిలో రాస్తే 0.03 శాతం అవుతుంది. అక్కడి 0.08 మన లెక్కలో 80 అన్నమాట. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికల్లో అధిక భాగం అమెరికా పద్ధతిలో ఉంటాయి కాబట్టి, దశాంశ బిందువు ఎక్కడ ఉందో చూసుకోకుండా చదివితే పొరపాటు పడే ప్రమాదం ఉంది.

తాగిన పరిమాణాన్ని బట్టి ఈ మోతాదును ఎలా లెక్కిస్తారు?

నేటికీ వాడుకలో ఉన్న సూత్రాన్ని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ప్రచురించిన గ్రంథంలో స్థిరపరిచారు. ఆలోచన చాలా సరళమైనది. ఆల్కహాల్ నీటిలో కరుగుతుంది కానీ కొవ్వులో దాదాపు కరగదు. అందువల్ల అది శరీరమంతటా కాక, శరీరంలో నీరున్న భాగాలలో మాత్రమే పరుచుకుంటుంది. మనిషి బరువులో ఎంత భాగం ఆల్కహాల్‌కు చోటిస్తుందో చెప్పే అంకెను విడ్‌మార్క్ గుణకం అంటారు. సగటున అది పురుషులకు 0.68, స్త్రీలకు 0.55.

లెక్కలో రెండు మెట్లున్నాయి. తాగిన ఇథనాల్ గ్రాములను, మనిషి బరువును ఈ గుణకంతో హెచ్చించగా వచ్చిన అంకెతో భాగించాలి. అలా వచ్చినది కిలోకు ఇన్ని గ్రాములు అన్న లెక్క. దానిని 100తో హెచ్చిస్తే 100 గ్రాముల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. రక్తం సాంద్రత నీటికంటే కొద్దిగా ఎక్కువ, అంటే సుమారు 1.055 కాబట్టి, ఆ మేరకు పెంచితే 100 మిల్లీలీటర్లకు లెక్క దొరుకుతుంది. రెండవ మెట్టులో, తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి గడిచిన ప్రతి గంటకూ కాలేయం అరిగించే కొంత మోతాదును తీసివేయాలి. ఆ తీసివేతకు సాధారణంగా వాడే సగటు గంటకు 15 మిల్లీగ్రాములు.

మన సీసాలలో, పెగ్గులలో అసలు ఆల్కహాల్ ఎంత ఉంటుంది?

దేశంలో తయారయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద ఎక్కువగా కనిపించే అంకె 42.8 శాతం. ఇది పరిమాణం లెక్కన చెప్పిన శాతం, బరువు లెక్కన కాదు. ఒక మిల్లీలీటరు ఇథనాల్ 0.789 గ్రాముల బరువు తూగుతుంది కనుక, 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో సుమారు 20 గ్రాములు, 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గులో 10 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 61 గ్రాములు ఇథనాల్ ఉంటుంది. సోడా కలిపినా, నీళ్లు కలిపినా ఈ గ్రాములు మారవు.

బీరు విషయంలోనే అసలైన అపోహ ఉంది. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతం ఆల్కహాల్ ఉంటే 26 గ్రాములు, 8 శాతం ఉంటే 41 గ్రాములు. అంటే "బీరే కదా" అని తాగే ఒక్క స్ట్రాంగ్ బీరు సీసా రెండు లార్జ్ పెగ్గులతో సమానం. పైగా స్ట్రాంగ్ బీరు లేబుల్ మీద కచ్చితమైన శాతం కాకుండా "5 శాతానికి మించి, 8 శాతానికి మించకుండా" అన్న ధోరణిలో రాసి ఉంటే, లెక్క మొదలుకాక ముందే 15 గ్రాముల అనిశ్చితి అందులోకి చేరిపోయినట్టే.

ఒక్క పెగ్గుకే చట్టం పెట్టిన హద్దు దాటుతుందా?

కాగితం మీద లెక్కిస్తే దాటుతుంది. 70 కిలోల పురుషుడు ఖాళీ కడుపుతో ఒక లార్జ్ పెగ్గును త్వరగా తాగాడని అనుకుందాం. 20.3 గ్రాములను 47.6తో, అంటే 70ని 0.68తో హెచ్చించగా వచ్చినదానితో భాగిస్తే, సాంద్రత సవరణ తరువాత 100 మిల్లీలీటర్లకు సుమారు 45 మిల్లీగ్రాములు వస్తాయి. 55 కిలోల స్త్రీ అదే పెగ్గు తాగితే అంచనా 71. ఆమె విషయంలో స్మాల్ పెగ్గుకే 35 వస్తుంది.

ఇవి అరుగుదలను లెక్కలోకి తీసుకోని గరిష్ఠ అంచనాలు. తాగేందుకు పట్టిన సమయంలోనే కాలేయం కొంత ఖర్చు చేస్తుంది కాబట్టి నిజమైన శిఖరం దీనికంటే తక్కువగా ఉండవచ్చు. అయినప్పటికీ, "ఒక పెగ్గు వరకూ ఫరవాలేదు" అని సిట్టింగుల్లో వినిపించే హామీకి ఈ లెక్కలో ఏ ఆధారమూ లేదని మాత్రం స్పష్టంగా చెప్పవచ్చు.

సూత్రం కచ్చితంగా ఉన్నప్పుడు, అంచనా ఎందుకు కచ్చితంగా ఉండదు?

సూత్రంలో దోషం లేదు. అందులో వేసే అంకెలు సగటు అంకెలు కావడమే సమస్య. పురుషులలో గుణకం 0.6 నుంచి 0.8 వరకూ ఉండటం సాధారణం. గంటకు అరిగే మోతాదు 10 నుంచి 20 వరకూ ఉండవచ్చు. కొందరిలో 25 వరకూ, నిత్యం అధికంగా తాగేవారిలో అంతకు మించి కూడా ఉంటుంది.

ఈ తేడాల ప్రభావం ఎంతటిదో ఒక ఉదాహరణతో చూడవచ్చు. అదే 70 కిలోల పురుషుడు రెండు లార్జ్ పెగ్గులు తాగి, మొదటి గుక్క నుంచి మూడు గంటలు గడిచాక బండి తీయబోతున్నాడు. సగటు అంకెలు వేస్తే 90 నుంచి 45 పోగా 45 మిగులుతుంది. గుణకం 0.8, అరుగుదల 20 అనుకుంటే మిగిలేది 16. గుణకం 0.6, అరుగుదల 10 అనుకుంటే మిగిలేది 72. ఒకే మనిషి, ఒకే సీసా, ఒకే గడియారం. అయినా అంచనా 16 నుంచి 72 వరకూ సాగింది, చట్టపు హద్దయిన 30 సరిగ్గా ఆ వ్యవధిలోపల పడింది. ఆ మనిషి హద్దుకు లోపల ఉన్నాడో బయట ఉన్నాడో ఈ లెక్క తేల్చలేదు.

దీని నుంచి నేను గ్రహించింది ఒక్కటే. ఈ లెక్క "బండి తీయవద్దు" అని చెప్పగలదు కానీ, "తీయవచ్చు" అని చెప్పలేదు. కింది హద్దు సైతం 30 దాటినప్పుడు నిషేధం స్పష్టం, దాటనప్పుడు అనుమతి స్పష్టం కాదు.

బరువుతో పాటు ఎత్తు, వయసు కూడా వేస్తే లెక్క మెరుగవుతుందా?

కొంత మెరుగవుతుంది. వాట్సన్, ఆయన సహ పరిశోధకులు 1980లో ప్రకటించిన సమీకరణాలు పురుషులకు వయసు, ఎత్తు, బరువు, స్త్రీలకు ఎత్తు, బరువు ఆధారంగా శరీరంలో ఎన్ని లీటర్ల నీరుంటుందో అంచనా వేస్తాయి. 35 ఏళ్ల వయసు, 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు గల పురుషుడికి అవి సుమారు 41 లీటర్లు చూపిస్తాయి. ఆ లెక్కన ఒక లార్జ్ పెగ్గుకు 45 బదులు 40 చుట్టుపక్కల వస్తుంది.

ఇక్కడ మనవాళ్లు గమనించవలసిన విషయం ఒకటుంది. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఐరోపా మనిషితో పోలిస్తే దక్షిణాసియా మనిషి శరీరంలో కొవ్వు పాలు సగటున ఎక్కువ, కండ పాలు తక్కువ. సన్నగా కనిపిస్తూ పొట్ట మాత్రం ముందుకు వచ్చిన దేహం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. కొవ్వు పెరిగితే ఆల్కహాల్ పరుచుకునే నీరు తగ్గుతుంది, మోతాదు పెరుగుతుంది. కనుక పాశ్చాత్య సగటులతో చేసిన లెక్క మన శరీరాలకు ఉన్నదానికంటే తక్కువ చూపే అవకాశమే ఎక్కువ.

ఒకే మోతాదు తాగినా స్త్రీలకు రీడింగ్ ఎక్కువ రావడానికి కారణం ఏమిటి?

శరీరంలో నీటి పాలు తక్కువగా ఉండటం ప్రధాన కారణం. సగటు బరువు తక్కువగా ఉండటం దానికి తోడవుతుంది. వీటికి సంకల్పబలంతో గాని, అలవాటుతో గాని సంబంధం లేదు.

కడుపునిండా తిని తాగితే మోతాదు తగ్గుతుందా?

శిఖరం తగ్గుతుంది, అది రావడం ఆలస్యమవుతుంది. ఆల్కహాల్ జీర్ణాశయంలో కొద్దిగా, చిన్నపేగులో వేగంగా రక్తంలోకి చేరుతుంది. తిండి ఉన్నప్పుడు జీర్ణాశయం తన ద్వారాన్ని నెమ్మదిగా తెరుస్తుంది కాబట్టి ఆల్కహాల్ కొంచెం కొంచెంగా పేగులోకి దిగుతుంది. ఈలోగా కాలేయం తన పని తాను చేసుకుపోతుంది. ఖాళీ కడుపు మీద అరగంట నుంచి గంటన్నరలోపు వచ్చే శిఖరం, బిర్యానీ తిన్న కడుపు మీద రెండు గంటలకో, ఆ తరువాతో రావచ్చు.

ఈ ఆలస్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. భోజనం చేసి, చివరి పెగ్గు ముగించి వెంటనే బయలుదేరిన వ్యక్తి ఇంటి గుమ్మం దగ్గర కంటే దారి మధ్యలో ఎక్కువ మోతాదుతో ఉండవచ్చు. బయలుదేరేటప్పుడు సొంత పరికరంలో 25 చూపించిందన్న ధీమా, ఇరవై కిలోమీటర్ల తరువాత నిలబడకపోవచ్చు. బరువు తగ్గేందుకు చేసే కొన్ని రకాల బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. మద్యం నేరుగా పేగులోకి దిగిపోవడంతో శిఖరం త్వరగా, ఎత్తుగా వస్తుంది. వారికి ఏ పట్టికా పనికిరాదు.

కల్లు, నాటుసారాల సంగతి ఏమిటి?

ఈ రెండింటికీ లెక్క వేయకపోవడమే నిజాయితీ. చెట్టు నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లు గంటగంటకూ పులుస్తూనే ఉంటాయి. పొద్దున్నే తాగిన ముంతలోని శాతం, సాయంత్రం అదే కుండ నుంచి తాగిన ముంతలోని శాతం ఒకటి కావు. గుడుంబా, నాటుసారాల మీద లేబుల్ ఉండదు, ఒక బట్టీకీ మరో బట్టీకీ పొంతన ఉండదు.

దీనికంటే గంభీరమైన విషయం కల్తీ. తెలంగాణలో కృత్రిమ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తు రసాయనాలు కలిపిన ఉదంతాలు పదేపదే బయటపడ్డాయి. ఇవి ఉన్నప్పుడు మనిషి తూలిపోతున్నా ఊదుడు పరీక్షలో చాలా చిన్న అంకె రావచ్చు, ఎందుకంటే ఆ పరికరం వెతికేది ఇథనాల్‌నే. 185వ సెక్షన్‌లోని రెండవ భాగం మత్తుమందుల ప్రభావంతో వాహనాన్ని అదుపు చేయలేని స్థితిలో నడపడాన్ని కూడా నేరంగానే చూస్తుంది కనుక, తక్కువ రీడింగ్ రక్షణ కాదు. సారాలో విషపూరితమైన మిథనాల్ అనే మరో రకం ఆల్కహాల్ కలిసి ఉంటే అది వైద్య అత్యవసర స్థితి. చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం కనిపించిన క్షణాన లెక్కలు పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రాత్రి తాగి నిద్రపోయాను. పొద్దున బండి నడపవచ్చా?

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ అంటే రాత్రి పదకొండు గంటల వ్యవహారమని చాలామంది నమ్మకం. లెక్క మాత్రం నిద్రను పట్టించుకోదు. 70 కిలోల పురుషుడు రాత్రి పది గంటలకు మొదలుపెట్టి ఒక క్వార్టర్ తాగితే సగటు లెక్కలో 135తో మొదలవుతుంది. ఉదయం ఆరింటికి ఎనిమిది గంటలకు 120 పోగా 15 మిగులుతుంది. అతడి అరుగుదల గంటకు 10 మాత్రమే అయితే మిగిలేది 55. అదే 375 మిల్లీలీటర్ల హాఫ్ అయితే, మొదటి అంచనా 280 దాటుతుంది. ఆరింటికి 160 చుట్టూ ఉంటుంది. అంటే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లలను బడికి దింపబోతున్న ఆ మనిషి చట్టం పెట్టిన హద్దుకు ఐదు రెట్లు పైన ఉన్నాడు.

మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం, వాంతి: వీటిలో ఏది దించుతుంది?

రక్తంలోకి చేరిపోయినదానిని ఇవేవీ దించవు. ఆల్కహాల్‌లో 90 శాతానికి పైగా కాలేయంలోని ఎంజైముల ద్వారానే ఖర్చవుతుంది. మొదట ఎసిటాల్డిహైడ్‌గా, తరువాత ఎసిటేట్‌గా మారుతుంది. కొద్ది మోతాదు దాటగానే ఆ ఎంజైములు తమ పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంటాయి కాబట్టి వాటిని తొందరపెట్టే ఉపాయం లేదు. కాఫీ నిద్రమత్తును తగ్గించి, తాను బాగానే ఉన్నానన్న భ్రమను పెంచుతుంది. లవంగం, యాలకు, పాన్ మసాలా నోటి వాసనను కప్పుతాయి. ఊదుడు పరికరం వాసన చూడదు, ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చిన ఆవిరిని కొలుస్తుంది.

బ్రీత్ ఎనలైజర్ రక్తాన్ని చూడకుండానే రక్తపు మోతాదు ఎలా చెబుతుంది?

నిజానికి అది కూడా అంచనాయే. పరికరం ఊపిరిలోని ఆల్కహాల్‌ను కొలిచి, దానిని ఒక స్థిర నిష్పత్తితో హెచ్చించి రక్తపు అంకెగా చూపుతుంది. అమెరికాలో ఆ నిష్పత్తి 2100, బ్రిటన్‌లో 2300. మనిషి మనిషికీ, ఒకే మనిషిలో ఒక గంటకూ మరో గంటకూ అది మారుతుంది. మద్యం రక్తంలోకి ఇంకా చేరుతున్న దశలో ఊపిరి పరీక్ష సిర నుంచి తీసిన రక్తం కంటే ఎక్కువ చూపుతుంది. పూర్తిగా చేరిన తరువాత చాలామందిలో నిజ నిష్పత్తి 2100 కంటే ఎక్కువగా ఉండటం వల్ల పరికరం కొంచెం తక్కువే చూపుతుంది. జ్వరం, ఊపిరి బిగబట్టడం, వగర్చడం కూడా అంకెను అటూ ఇటూ కదిలిస్తాయి.

పోలీసులు వాడే నాణ్యమైన పరికరాలలో ఆల్కహాల్ నుంచి విద్యుత్తు పుట్టించి కొలిచే ఫ్యూయల్ సెల్ ఉంటుంది, కాలానుగుణంగా కాలిబ్రేషన్ చేస్తారు, అంటే అంకె సరిగ్గా వస్తోందో లేదో సరిచూస్తారు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే తాళంగుత్తి పరికరాలలో ఎక్కువ భాగం సెమీకండక్టర్ రకానివి. అవి ఇతర ఆవిర్లకూ స్పందిస్తాయి, కొన్ని నెలల్లో దారి తప్పుతాయి. వాటిని చూసుకుని బండి తీయడం, ఆగిపోయిన గడియారాన్ని చూసి రైలు కోసం వెళ్లడం వంటిది.

మద్యం తాగకుండానే రీడింగ్ వచ్చే అవకాశం ఉందా?

ఉంది, కానీ కొద్ది నిమిషాల పాటే. నోటిలో మిగిలిన ఆల్కహాల్ ఊపిరితో కలిసి పరికరాన్ని మోసగిస్తుంది. మౌత్‌వాష్, హోమియోపతి టింక్చర్లు, కొన్ని దగ్గు మందులు ఇందుకు కారణం కావచ్చు. ఆయుర్వేదంలోని ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం వంటి అరిష్టాలలో పులియబెట్టడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. 20 మిల్లీలీటర్ల మోతాదులో 10 శాతం ఉందనుకున్నా 70 కిలోల పురుషుడి రక్తంలో 4 మిల్లీగ్రాములకు మించదు. అదే, తాగిన మరుక్షణం ఊదితే మాత్రం పెద్ద అంకె కనిపించవచ్చు. 2025 జులైలో కేరళ ఆర్టీసీ పందళం డిపోలో బాగా మాగిన పనసతొనలు తిన్న డ్రైవర్లు ఊదితే పరికరం మద్యం ఉన్నట్టు చూపిందన్న వార్త తెలుగు పాఠకులకు కూడా గుర్తుండే ఉంటుంది. నీటితో పుక్కిలించి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదితే నోటిలోని ఆల్కహాల్ పోతుంది, రక్తంలోనిది పోదు. రెండింటినీ వేరుచేసే పద్ధతి ఇదే.

నాకు మత్తెక్కలేదు, మాట తడబడలేదు. అలాంటప్పుడు మోతాదు ఎక్కువ ఉండదు కదా?

ఉండవచ్చు. బ్రిటన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మెలన్బీ 1919లోనే ఒక విషయం గుర్తించారు. మోతాదు పైకి ఎక్కుతున్నప్పుడు కనిపించే మత్తు, అదే మోతాదు కిందికి దిగుతున్నప్పుడు అంతగా కనిపించదు. కాబట్టి దిగుతున్న దశలో మనిషి తాను కుదుటపడ్డానని అనుకుంటాడు. అనుభూతి మెరుగైనంత వేగంగా స్పందనా వేగం, వివేచన మెరుగుపడవు. రోజూ తాగేవారి సంగతి మరీ భిన్నం. ఇతరులు కూలబడిపోయే మోతాదులో వారు మామూలుగా మాట్లాడగలరు. చట్టం చూసేది అంకెను, ధీమాను కాదు.

మొబైల్ యాప్‌లను ఎంతవరకు నమ్మవచ్చు?

యాప్ లోపల ఉన్నది విడ్‌మార్క్ సూత్రమో, వాట్సన్ సమీకరణమో అయి ఉంటుంది. కనుక పైన చెప్పిన అనిశ్చితి అంతా అందులోనూ ఉంది, కాకపోతే తెర మీద కనిపించదు. పైగా చాలా యాప్‌లు "ఒక డ్రింక్" అంటే అమెరికాలో లెక్కించే 14 గ్రాములు అనుకుంటాయి. బ్రిటన్ యూనిట్ 8 గ్రాములు, ఆస్ట్రేలియా ప్రమాణం 10. మన లార్జ్ పెగ్గు 20. దానిని "ఒకటి" అని నొక్కితే యాప్ మూడవ వంతు తక్కువ చూపిస్తుంది. అన్నిటికంటే పెద్ద దోషం వాడేవారి దగ్గరే ఉంటుంది. ఇంట్లో కొలత లేకుండా వంచిన పెగ్గు ఎన్నడూ 60 దగ్గర ఆగదు, మూడవది తరువాత లెక్క ఎవరికీ గుర్తుండదు.

ప్రమాదం జరిగి గంటలు గడిచాక చేసిన పరీక్ష నుంచి, ప్రమాద సమయపు మోతాదును వెనక్కి లెక్కించవచ్చా?

షరతులతో లెక్కించవచ్చు. ప్రమాదం నాటికే మద్యమంతా రక్తంలోకి చేరిపోయి ఉండాలి, ఆ తరువాత తాగి ఉండకూడదు. ఆ రెండూ నిజమైతే, గడిచిన ప్రతి గంటకూ 10 నుంచి 20 వరకూ కలపవచ్చు. మూడు గంటల తరువాత 20 వచ్చినవారికి అప్పట్లో 50 నుంచి 80 ఉండి ఉంటుందని చెప్పవచ్చు. చివరి గుక్కకూ ప్రమాదానికీ మధ్య పావుగంటే ఉంటే ఈ లెక్క తలకిందులవుతుంది, ఎందుకంటే అప్పుడు మోతాదు ఇంకా ఎక్కుతూ ఉంది. పరీక్ష ఆలస్యమైన కొద్దీ అంచనా వదులవుతుంది. అరెస్టయిన వ్యక్తికి రెండు గంటలలోపు వైద్యపరీక్ష జరగాలని మోటారు వాహనాల చట్టంలోని 202వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

న్యాయస్థానాల వైఖరి కేసు స్వభావాన్ని బట్టి ఉంటుంది. 1971 నాటి బచ్చూభాయ్ హసనల్లీ కార్యాని కేసులో, మద్యం వాసన, తూలే నడక, కనుపాపలు విప్పారడం వంటి లక్షణాలు మాత్రమే ఉండి రక్తపరీక్ష నివేదిక లేనప్పుడు తాగి నడిపాడని తేల్చలేమని సుప్రీంకోర్టు అన్నది. 2021లో ఇఫ్కో టోక్యో, పెర్ల్ బెవరేజెస్ మధ్య నడిచిన బీమా వివాదంలో మాత్రం, పరీక్ష లేకపోయినా ఇతర పరిస్థితుల ఆధారంగా మద్యం ప్రభావాన్ని నిర్ధారించవచ్చని చెప్పి బీమా కంపెనీ అయిన ఇఫ్కో టోక్యో వాదనను అంగీకరించింది. రీడింగ్ లేకపోతే శిక్ష తప్పవచ్చునేమో, కారు బీమా మాత్రం చేజారవచ్చు. శిక్ష విషయానికి వస్తే, 2019 సవరణ తరువాత మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ.

ఆసుపత్రి రిపోర్టులో వచ్చిన అంకెను నేరుగా 30తో పోల్చవచ్చా?

పోల్చకూడదు. ఆసుపత్రి ల్యాబులు సాధారణంగా సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో కొలుస్తాయి. సీరంలో నీరు ఎక్కువ కాబట్టి, అక్కడి అంకె మొత్తం రక్తపు అంకె కంటే 12 నుంచి 18 శాతం వరకు ఎక్కువగా ఉంటుంది. సీరంలో 34 వచ్చినవారి రక్తంలో 30కి లోపే ఉండవచ్చు. ఫోరెన్సిక్ ల్యాబొరేటరీలు గ్యాస్ క్రొమటోగ్రఫీతో మొత్తం రక్తాన్ని పరీక్షిస్తాయి. ఆ నమూనాను స్పిరిట్‌తో తుడవని చోట నుంచి తీయడం, నమూనా పులియకుండా ఆపే సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలో భద్రపరచడం తప్పనిసరి. రిపోర్టును ప్రశ్నించదలచిన న్యాయవాది ముందుగా చూడవలసినవి ఈ రెండే.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవారికి ఇవే లెక్కలు వర్తిస్తాయా?

శరీరం లెక్క ఒకటే, హద్దులు వేరు. అమెరికాలో 80, యూటా రాష్ట్రంలో మాత్రం 50. 21 ఏళ్లలోపు వారికి 20 లేదా అంతకంటే తక్కువ. హద్దుకు లోపల ఉన్నా, నడపడంలో తేడా కనిపిస్తే కేసు పెట్టవచ్చు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, డీయూఐ (మద్యం లేదా మత్తు ప్రభావంతో వాహనం నడపడం) కింద అరెస్టు జరిగితే చాలు, శిక్ష పడకముందే వీసాను రద్దుచేసే అధికారం అక్కడి విదేశాంగ శాఖకు ఉంది. ఇంగ్లండ్‌లో రక్తపు హద్దు 80, స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి 50. ఇంగ్లండ్‌లో ఊదుడు పరికరం 100 మిల్లీలీటర్ల ఊపిరిలోని మైక్రోగ్రాములనే చూపుతుంది, అక్కడి హద్దు 35. దానిని 2300తో హెచ్చిస్తే రక్తంలో 80 అవుతుంది. అంటే హైదరాబాద్‌లో కనిపించే 35కూ లండన్‌లో కనిపించే 35కూ మధ్య రెండు రెట్లకు పైగా తేడా ఉంది.

మరణించిన వ్యక్తి రక్తంలో ఆల్కహాల్ కనిపిస్తే తాగి ఉన్నట్టేనా?

అన్నివేళలా కాదు. మరణానంతరం శరీరంలోని సూక్ష్మజీవులు చక్కెరలను పులియబెట్టి ఇథనాల్‌ను పుట్టిస్తాయి. మన వేసవిలో, శీతలీకరణ లేని చోట ఈ ప్రక్రియ త్వరగా మొదలవుతుంది. అందుకే గుండె నుంచి కాక తొడ సిర నుంచి రక్తం తీయడం, దానితో పాటు కంటిలోని ద్రవాన్ని కూడా పరీక్షించడం సరైన పద్ధతి. కంటి ద్రవం సూక్ష్మజీవులకు దూరంగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా చెడుతుంది. రక్తంలో 40 ఉండి, కంటి ద్రవంలో ఏమీ లేకపోతే ఆ 40 మరణం తరువాత పుట్టినదై ఉండే అవకాశం బలంగా ఉంటుంది. మద్యాన్ని బతికున్న శరీరం ఖర్చు చేసినప్పుడు ఏర్పడే ఇథైల్ గ్లూకురోనైడ్ కనిపిస్తే తాగినట్టు ఆధారం దొరుకుతుంది. కుళ్లిన దేహం నుంచి తీసిన ఒక్క రక్త నమూనా మీద ఆధారపడి, కుటుంబానికి రావలసిన బీమాను నిరాకరించిన పత్రం చేతికి వస్తే, పోస్టుమార్టం నివేదికలో నమూనా ఎక్కడి నుంచి తీశారో, మరణించిన ఎన్ని గంటలకు తీశారో ముందుగా అడగాలి.